డయాఫ్రమ్ కింది ఎలక్ట్రోడ్‌లోంచి దూరిపోతోందా? తప్పు మెష్‌ది కాదు

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. విశాఖలో ఎం.టెక్. రెండో సంవత్సరం, ప్రాజెక్టు కెపాసిటివ్ పీడన సెన్సర్ (పీడనానికి పల్చటి పొర వంగితే, దానికీ కింది ఎలక్ట్రోడ్‌కీ మధ్య కెపాసిటెన్స్, అంటే విద్యుదావేశాన్ని నిల్వ చేసుకునే సామర్థ్యం, మారుతుంది. ఆ మార్పే కొలత). ఆ పొరే డయాఫ్రమ్: గుండ్రటిది, పాలీసిలికాన్‌ది (చిన్న చిన్న స్ఫటికాల సిలికాన్), వ్యాసార్ధం 200 మైక్రాన్లు, మందం 4 మైక్రాన్లు, కింద 3 మైక్రాన్ల ఖాళీ, అందులో శూన్యం. సిమ్యులేషన్‌లో 100 కిలోపాస్కల్ పీడనానికి మధ్యభాగం 2.79 మైక్రాన్లు దిగింది, పుస్తకంలోని సూత్రంతో వేసినా అంతే వచ్చింది. 200 ఇస్తే 5.58 మైక్రాన్లు దిగి, కింది ఎలక్ట్రోడ్‌లోంచి దూరి అవతలికి వెళ్లిపోయింది. కెపాసిటెన్స్ మాత్రం 0.37 పీకోఫారడ్ దగ్గర బిగుసుకుని కదలడం లేదు. మెష్‌ను (ఆకారాన్ని లెక్కకోసం ఎలిమెంట్లనే చిన్న ముక్కలుగా కోసిన వల) ఎనిమిది లక్షల ఎలిమెంట్లకు పెంచినా మార్పు లేదు. ఇంకా పెద్ద కంప్యూటర్ కావాలా అని మీ సందేహం.

కంప్యూటర్ మీద డబ్బు పెట్టకండి. ఈ సమస్యకు మీ దగ్గరున్న ల్యాప్‌టాప్ ఎక్కువే. ఇక్కడ రెండు వేర్వేరు పొరపాట్లున్నాయి (200 దగ్గర అడుగులోంచి దూరిపోయే సంగతి వాటి తర్వాత చెబుతాను). రెండూ సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో గడి దగ్గర టిక్కు పెట్టకపోవడం వల్ల వచ్చినవే. కానీ ఆ టిక్కు ఎందుకు పెట్టాలో తెలియకుండా పెడితే వచ్చే నెల మరోచోట ఇరుక్కుంటారు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు చేతి లెక్క. అంచు చుట్టూ బిగించిన గుండ్రటి పలకకు మధ్యలో దిగే లోతు = పీడనం × వ్యాసార్ధం నాలుగో ఘాతం ÷ (64 × వంపు దృఢత్వం). వంపు దృఢత్వం = యంగ్ గుణకం × మందం ఘనం ÷ 12(1 − పాయిసన్ నిష్పత్తి వర్గం). యంగ్ గుణకం పదార్థం సాగడానికి ఎంత ఎదురు తిరుగుతుందో చెబుతుంది, పాయిసన్ నిష్పత్తి ఒకవైపు లాగితే అడ్డంగా ఎంత సన్నబడుతుందో చెబుతుంది. పాలీసిలికాన్‌కు 160 గిగాపాస్కల్, 0.22 వేసుకుంటే దృఢత్వం 8.97 × 10⁻⁷ న్యూటన్ మీటర్లు, లోతు 2.79 మైక్రాన్లు. మీ సాఫ్ట్‌వేర్ చెప్పిందీ అదే. రెండూ కలిశాయి కాబట్టి మోడల్ సరైనదేనని తీర్మానించుకున్నారు.

అసలు చిక్కు అక్కడే ఉంది. ఇది పిల్లికి ఎలుక సాక్ష్యం. ఆ సూత్రాన్ని ఏ ఊహ మీద రాశారో, మీ సాల్వర్ (సాఫ్ట్‌వేర్‌లో సమీకరణాలు సాధించే భాగం) కూడా అదే ఊహ మీద నడిచింది: పలక వంగుతుంది కానీ సాగదు. మీరు చూసుకున్నది సాఫ్ట్‌వేర్ కూడికలు సరిగ్గా చేసిందా లేదా అన్నది మాత్రమే. డయాఫ్రమ్ నిజంగా అలా ప్రవర్తిస్తుందా అన్న ప్రశ్నను ఆ రెండింటిలో ఏదీ ముట్టుకోలేదు.

నవారు మంచం మీద కూర్చున్న అనుభవం ఉంటే ఇది వెంటనే అర్థమవుతుంది. కూర్చోగానే నవారు చటుక్కున కొంత దిగుతుంది. ఆ తర్వాత పక్కన ఇంకొకరు వచ్చి కూర్చున్నా మొదట దిగినంత మళ్లీ దిగదు. రెండు పట్టెల మధ్య దూరం మారదు, మధ్యభాగం కిందికి పోవాలంటే నవారు పొడవు పెరగాలి, పెరిగేకొద్దీ అది ఎదురు తిరుగుతుంది. మీ డయాఫ్రమ్ అంచులూ ఆ పట్టెల్లాంటివే. వంపు వల్ల వచ్చే ఎదురు లోతుతో పాటు సమానంగా పెరుగుతుంది. సాగుడు వల్ల వచ్చే ఎదురు లోతు ఘనంతో పెరుగుతుంది. లోతు తక్కువగా ఉన్నంతసేపు ఈ రెండోది కనిపించనే కనిపించదు. లోతు మందంతో పోటీ పడే స్థాయికి వచ్చేసరికి తానున్నానని గుర్తుచేస్తుంది.

దీన్ని కూడా కాగితం మీద వేయవచ్చు. లోతును మందంతో భాగించిన నిష్పత్తిని తీసుకోండి. రేఖీయ లెక్కలో, అంటే సాగుడు లేని మీ మొదటి లెక్కలో, వచ్చిన నిష్పత్తి 0.697. అసలు నిష్పత్తిని ‘న’ అనుకుంటే న × (1 + 0.488 × న వర్గం) = 0.697 కావాలి. ఆ 0.488 పాయిసన్ నిష్పత్తి 0.3 ఉన్న పదార్థానికి వేసిన గుణకం. మీ 0.22కు కాస్త తేడా ఉంటుంది, అంచనాకు పట్టించుకోనక్కరలేదు. సాధిస్తే న సుమారు 0.594. అంటే లోతు 2.79 కాదు, 2.38 మైక్రాన్లు. ఈ నిష్పత్తి 0.2 లోపు ఉంటే రేఖీయ లెక్కలో తప్పు రెండు శాతానికి మించదు. నేను ఎవరి మోడల్ చూసినా ముందు అడిగేది ఈ నిష్పత్తినే, మెష్ చిత్రాన్ని కాదు.

2.79కీ 2.38కీ తేడా ఏమంత ఎక్కువ అనిపించవచ్చు. డయాఫ్రమ్ లోతు వరకైతే అది పదిహేను శాతమే. కానీ మీరు అమ్మేది లోతును కాదు, కెపాసిటెన్స్‌ను. అది మిగిలిన ఖాళీ మీద ఆధారపడుతుంది. 3 మైక్రాన్ల ఖాళీలో రేఖీయ లెక్క ప్రకారం మధ్యలో మిగిలేది 0.21 మైక్రాన్, అసలు మిగిలేది 0.62. మూడు రెట్ల తేడా.

అయితే మధ్యలో మిగిలిన ఖాళీని తీసుకుని సమాంతర పలకల సూత్రంలో వేయకండి. ఏటా ఎవరో ఒకరు ఈ పని చేసి, కెపాసిటెన్స్ దాదాపు అయిదు రెట్లు పెరిగిందని సంబరపడుతూ నా దగ్గరికి వస్తారు. అంత లోతుకు దిగేది ఆ నడిబొడ్డు ఒక్కటే. అంచు దగ్గర పొర అసలు కదలదు. వంగిన ఆకారం మొత్తం మీద సమాకలనం చేస్తే చక్కటి సూత్రం వస్తుంది: మధ్య లోతును ఖాళీతో భాగించి, దాని వర్గమూలం తీసుకోండి. ఆ సంఖ్యకు విలోమ హైపర్బోలిక్ టాంజెంట్ కట్టి, మళ్లీ అదే సంఖ్యతో భాగించండి. మొదటి కెపాసిటెన్స్ ఎన్ని రెట్లయిందో వచ్చేస్తుంది. లోతు 2.79 అయితే 2.07 రెట్లు, అంటే 0.77 పీకోఫారడ్. లోతు 2.38 అయితే 1.6 రెట్లు, 0.59 పీకోఫారడ్. సాగుడు ఉన్నప్పుడు వంపు ఆకారం కొద్దిగా మారుతుంది కాబట్టి రెండో సంఖ్య అంచనాయే. మీ సరిదిద్దిన మోడల్ దీని దరిదాపుల్లోకి రావాలి.

ఇంకో కోణంలో చూడండి. డయాఫ్రమ్ అడుగును తాకే పీడనం రేఖీయ లెక్కలో 108 కిలోపాస్కల్, సాగుడు కలిపితే 137. విశాఖ సముద్ర మట్టానికి ఉన్న ఊరు, ఇక్కడి గాలి పీడనమే 101 చుట్టూ ఉంటుంది. లోపల శూన్యం పెట్టి మూసిన మీ చిప్, బల్ల మీద ఊరికే పడి ఉన్నప్పుడు కూడా ఆ పీడనాన్ని మోస్తూనే ఉంటుంది. మీ మొదటి మోడల్‌ను నమ్మితే ఈ డిజైన్ పనికిరాదని పక్కన పెట్టేవారు. నిజానికి దానికి బోలెడు వెసులుబాటు ఉంది.

కాబట్టి మొదటి టిక్కు: జ్యామితీయ అరేఖీయత, సాగుడును లెక్కలోకి తెచ్చేది ఇదే. ఆన్సిస్ అనే సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్‌లో దాన్ని పెద్ద వంపుల ఐచ్ఛికం రూపంలో చూస్తారు, కామ్సాల్‌లో స్టడీ సెట్టింగుల్లో ఉంటుంది. ఉచితంగా దొరికే ఎల్మర్, కాల్క్యులిక్స్‌లోనూ ఉంది. పెట్టాక పీడనాన్ని ఒక్కసారిగా 100కు తీసుకెళ్లకండి. 5 కిలోపాస్కల్ చొప్పున మెట్లు మెట్లుగా పెంచుతూ, ప్రతి మెట్టుకూ ముందు మెట్టు జవాబును ప్రారంభంగా ఇవ్వండి.

రెండో పొరపాటు, కెపాసిటెన్స్ కదలకపోవడం. 0.37 పీకోఫారడ్ అన్నది ఏమీ వంగని డయాఫ్రమ్ కెపాసిటెన్స్. చేత్తో వేసి చూడండి, సరిగ్గా అదే వస్తుంది. అంటే మీ విద్యుత్ క్షేత్రపు లెక్కకు డయాఫ్రమ్ వంగిన సంగతే తెలియదు. ఘనపదార్థపు మెష్ వంగింది, దాని కింద ఖాళీ ప్రదేశానికి వేసిన మెష్ మాత్రం ఎక్కడిదక్కడే ఉండిపోయింది. ఖాళీ భాగానికి కదిలే మెష్ పెట్టాలి, పై సరిహద్దు డయాఫ్రమ్ స్థానభ్రంశాన్ని అనుసరించాలి, కింది సరిహద్దు స్థిరంగా ఉండాలి, పక్క సరిహద్దు నిలువుగా జారగలగాలి. లోపల శూన్యమే కదా, దానికి మెష్ ఎందుకు అనుకోకండి. విద్యుత్ క్షేత్రం ఉండేది అక్కడే. ఆ ప్రదేశంలో మందం దిశగా కనీసం నాలుగైదు పొరల ఎలిమెంట్లు ఉంటే, అది నలిగినప్పుడు తలకిందులు కాకుండా తట్టుకుంటుంది.

ఇక మెష్ సంగతి. గుండ్రటి డయాఫ్రమ్‌కు త్రిమితీయ మోడల్ దండగ. అక్ష సౌష్ఠవం (నడి గీత చుట్టూ ఎటు తిప్పినా ఒకేలా ఉండటం) వాడుకుని సగం అడ్డుకోత గీస్తే చాలు, మూడు నాలుగు వేల ఎలిమెంట్లతో కొన్ని సెకన్లలో తేలిపోతుంది. పాలీసిలికాన్‌కు యంగ్ గుణకం అన్ని దిశల్లో ఒకటే అనుకోవచ్చు కాబట్టి ఇది చెల్లుతుంది. ఒకే స్ఫటికపు సిలికాన్ అయితే దిశను బట్టి 130 నుంచి 188 గిగాపాస్కల్ దాకా మారుతుంది, అప్పుడు త్రిమితీయానికి వెళ్లక తప్పదు.

త్రిమితీయానికి వెళ్లినప్పుడు జరిగే ప్రమాదం ఒకటి ఉంది. అది నా నెత్తిన పడిందే కాబట్టి చెబుతాను. చాలా ఏళ్ల కిందట నేను పనిచేసిన చోట చదరపు సిలికాన్ డయాఫ్రమ్ ఒకటి డిజైన్ చేయాల్సి వచ్చింది. సాఫ్ట్‌వేర్ తనంతట తాను వేసిన నాలుగు ముఖాల ఎలిమెంట్లనే ఉంచేశాను. అవీ రేఖీయమైనవి, మందంలో ఒకే ఒక్క వరుస. అలాంటి ఎలిమెంటుకు వంగడం రాదు. వంగమంటే కోతకు గురైనట్టు ప్రవర్తించి మొండికేస్తుంది, పొర ఉన్నదానికంటే ఎంతో గట్టిగా కనిపిస్తుంది. నాకు లోతు చాలదనిపించి మందం తగ్గించాను, అదీ చాలక ఇంకొంచెం తగ్గించాను. మొదటి వేఫర్ (చిప్‌లు తయారుచేసే సిలికాన్ బిళ్ల) చేతికొచ్చిన రోజున మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తే దాదాపు ప్రతి పొర మధ్యలోనూ రంగురంగుల వలయాలు, వాటి నడుమ ఒక చదునైన మచ్చ. పీడనం ఇవ్వకముందే, గదిలోని గాలికే అడుగును తాకి కూర్చున్నాయి. ఆ మచ్చను చూసిన క్షణంలోనే తప్పెక్కడ జరిగిందో తెలిసిపోయింది. పుస్తకంలో చదరపు పలక సూత్రం నా ఎదుటే ఉంది (0.00126 × పీడనం × భుజం నాలుగో ఘాతం ÷ దృఢత్వం). అయిదు నిమిషాల పని, చేయలేదు.

అందుకని చదరపు డయాఫ్రమ్ అయితే పావు భాగం గీసి, పైనుంచి కిందికి ఈడ్చిన మెష్ వేయండి. ద్విఘాత ఎలిమెంట్లు (అంచులు వంగగలిగేవి), మందంలో రెండు మూడు వరుసలు. లేదా షెల్ ఎలిమెంట్లు (పొరను ఒక ఉపరితలంలా గీసి, మందాన్ని సంఖ్యగా ఇచ్చేవి) వాడండి, పల్చటి పొరకు అవే హాయి. పావు మోడల్ కెపాసిటెన్స్‌ను నాలుగుతో గుణించడం మరచిపోవద్దు. నవ్వకండి, మరచిపోయినవాళ్లున్నారు.

ఇప్పటిదాకా చెప్పినవి సరిచేసుకుంటే మీ మోడల్ లెక్క ప్రకారం సరైనదవుతుంది. మీ చిప్‌కు సరైనది కావాలంటే ఇంకొకటి కావాలి, చాలా ప్రాజెక్టు రిపోర్టుల్లో దాని ఊసే ఉండదు. అది పొరలో ముందునుంచే ఉండే ప్రతిబలం, అంటే ఏ పీడనమూ లేకున్నా ఉండే లాగుడో నొక్కుడో.

డప్పు వాయించేవాళ్లు మొదలుపెట్టే ముందు దాన్ని మంట దగ్గర కాచడం చూసే ఉంటారు. చర్మం అదే, చట్రం అదే, కాచాక బిగువు వేరు, మోత వేరు. పాలీసిలికాన్ పొర కూడా నిక్షేపణ (పొరను పేర్చడం) ఉష్ణోగ్రతను బట్టి, ఆ తర్వాత చేసే ఆనీలింగ్‌ను (వేడిచేసి చల్లార్చడం) బట్టి లాగినట్టుగానో నొక్కినట్టుగానో తయారవుతుంది. మీ మోడల్‌లో అది సున్నా. 50 మెగాపాస్కల్ లాగుడు ఉందనుకోండి. ఏకరీతి లాగుడు కలిపే అదనపు గట్టిదనం 4 × ప్రతిబలం × మందం ÷ వ్యాసార్ధం వర్గం. మీ కొలతలకు అది వంపు గట్టిదనంలో 56 శాతం! అంటే తక్కువ పీడనంలో మీ డయాఫ్రమ్ మీరు అనుకున్న లోతులో మూడింట రెండు వంతులు కూడా దిగదు. 50 మెగాపాస్కల్ అసాధారణమైన సంఖ్యేమీ కాదు. ఇక నొక్కుడు ప్రతిబలమైతే కథ అడ్డం తిరుగుతుంది. సుమారు 80 మెగాపాస్కల్ దగ్గర మీ పొర ఏ పీడనమూ లేకుండానే ఎండకు ఉబ్బిన రేకులా ఒకవైపుకు పొంగిపోతుంది.

కాబట్టి చిప్ తయారుచేసిన ల్యాబ్‌ను మొదట అడగాల్సిన సంఖ్య ఇదే. వేఫర్ వంపు కొలిచి లెక్కకట్టిన ప్రతిబలం వాళ్ల దగ్గర సాధారణంగా ఉంటుంది. రెండోది అసలు మందం. 4 మైక్రాన్లని కాగితం మీద ఉంటుంది, వచ్చింది 3.8 అయితే దృఢత్వం ఘనంతో మారుతుంది కాబట్టి రేఖీయ లోతు 17 శాతం పెరుగుతుంది. వ్యాసార్ధం రెండు శాతం పెరిగితే లోతు ఎనిమిది శాతం పెరుగుతుంది. ఇంత పలుకుబడి ఉన్న కొలతలను వదిలేసి మెష్‌ను ఎనిమిది లక్షలకు పెంచడం, పునాది చూడకుండా గోడకు మూడోసారి సున్నం వేయడమే.

మీరు అడగకపోయినా విద్యుత్ ఆకర్షణ గురించి ఒక మాట. మీ గైడ్ దాన్ని కలపమన్నారని రాశారు. 5 వోల్టులకు 3 మైక్రాన్ల ఖాళీలో పలకల మధ్య వచ్చే పీడనం 12 పాస్కల్. మీ కొలత లక్ష పాస్కల్. మధ్యలో ఖాళీ 0.62కు తగ్గినచోట కూడా మూడు వందల పాస్కల్ దాటదు. కలపండి, తప్పు లేదు, కానీ దానికోసం వారం పాడుచేసుకోకండి. గైడ్‌గారికి ఈ రెండు వరుసల లెక్క చూపిస్తే ఆయనే ఒప్పుకుంటారు.

200 కిలోపాస్కల్ సంగతి మిగిలింది. సాగుడు కలిపినా అక్కడ లెక్క 3.84 మైక్రాన్లు చూపిస్తుంది, ఖాళీ మూడే. కాబట్టి డయాఫ్రమ్ అడుగును తాకాల్సిందే, ఆ సంగతి సాఫ్ట్‌వేర్‌కు మీరే చెప్పాలి. చెప్పకపోతే దానికి అడుగు ఉందని కూడా తెలియదు, దెయ్యంలా గోడలోంచి వెళ్లిపోతుంది. కింది ఎలక్ట్రోడ్ మీద 0.2 మైక్రాన్ల విద్యుద్బంధక పొర గీసి, దానికీ డయాఫ్రమ్ అడుగు ముఖానికీ స్పర్శ జత (ఒకటి ఇంకోదాన్ని దాటిపోకూడదన్న నియమం) పెట్టండి. కదిలే మెష్ పూర్తిగా నలిగి సున్నా అయితే సాల్వర్ ఆగిపోతుంది, కాబట్టి స్పర్శలో కొద్దిపాటి ఖాళీ మిగిలేలా చూసుకోవాలి. ఇక్కడ ఓపిక కావాలి, మెట్లను 1 కిలోపాస్కల్‌కు తగ్గించండి.

అంత శ్రమ ఎందుకంటే, తాకాక సెన్సర్ చచ్చిపోదు. తాకిన భాగం వైశాల్యం పీడనంతో పాటు పెరుగుతుంది, కెపాసిటెన్స్ చాలా దూరం దాదాపు సరళరేఖలో పెరుగుతుంది. కేస్ వెస్టర్న్ రిజర్వ్ విశ్వవిద్యాలయంలో వెన్ కో బృందం ఈ పద్ధతినే పట్టుకుని స్పర్శ విధానపు సెన్సర్లు రూపొందించింది. మీకు వీలైతే ప్రాజెక్టులో రెండో అధ్యాయం ఇదే పెట్టుకోండి, తాకకముందున్న వంకర గీత కంటే మేలు.

చివరగా, మీ గైడ్ దగ్గరున్న చిప్‌తో సరిపోల్చడం. మీటరు తగిలిస్తే 0.59 కనబడుతుందనుకోకండి. ప్యాడ్లు, తీగలు, ప్యాకేజీ కలిపి కొన్ని పీకోఫారడ్లు అదనంగా వచ్చి కూర్చుంటాయి. అందుకే మొత్తం విలువను వదిలేసి మార్పును సరిపోల్చాలి. మన ఊళ్లో ఇంకో బాధ తేమ. సముద్రపు గాలి వీచే గదిలో బోర్డు మీద కంటికి కనిపించని ఉప్పు, నీటి పొర పేరుకుని రీడింగు గంట గంటకూ జారుతుంది. బోర్డును ఆల్కహాల్‌తో తుడిచి, ఆరబెట్టి, సిలికా జెల్ పొట్లాలతో పాటు డబ్బాలో పెట్టండి. డబ్బా మూత గాలి చొరబడకుండా బిగించకండి, లోపలికి పీడనం అందాలి కదా.

పీడన గది దొరకకపోతే అరకు రైలు ఎక్కండి. తమాషాకు అనడం లేదు. అరకు సుమారు 900 మీటర్ల ఎత్తు, సముద్ర మట్టంతో పోలిస్తే పీడనం పది కిలోపాస్కల్ దాకా తగ్గుతుంది. మీ డిజైన్‌కు 100 నుంచి 90కి తగ్గితే రేఖీయ మోడల్ ప్రకారం కెపాసిటెన్స్ 139 ఫెమ్టోఫారడ్లు (ఒక్కోటి పీకోఫారడ్‌లో వెయ్యో వంతు) పడిపోవాలి. సాగుడు కలిపితే 41 మాత్రమే. ఏ మోడల్ అబద్ధమాడుతోందో తేల్చడానికి పీకోఫారడ్‌లో వందో వంతు చూపగల మీటరు చాలు, అంతకంటే ఖరీదైన పరికరం అక్కర్లేదు. పోల్చడానికి పక్కనే ఒక బారోమీటర్ ఉన్న ఫోను, ఒక థర్మామీటరు ఉంచండి, కొండమీద చలి కూడా రీడింగును కదిలిస్తుంది. దిగాక స్టేషన్ బెంచీ మీద అరగంట అలాగే వదిలేసి అప్పుడు రాసుకోండి. తిరిగి విశాఖ వచ్చాక మొదటి రీడింగే మళ్లీ వస్తుందో లేదో తప్పక చూడండి.

41 కంటే బాగా తక్కువ వస్తే ముందుగా అనుమానించాల్సింది లాగుడు ప్రతిబలాన్నే. ల్యాబ్ నుంచి ఆ సంఖ్య, అసలు మందం దొరికాక ఇక్కడ రాయండి. మిగతా లెక్క కలిసి వేద్దాం.